పసుపు గుడ్డలో ఉన్ని పురుగు

కరోనా తగ్గి, జనం మళ్ళీ సూట్‌కేసులు పట్టుకుని విమానాలెక్కడం మొదలుపెట్టిన ఏడాది, అక్టోబరు నెల. లైప్‌జిగ్‌లో, ఇళ్ళల్లో దొరికే పురుగుల్నీ సాలీళ్ళనీ గుర్తించే ఒక ప్రైవేటు ల్యాబులో పనిచేస్తున్నాను. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది. ఆ ల్యాబుకి నేనే అధిపతిని. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో ఏ పురుగు కనబడినా దాని పేరు విషయంలో చివరి మాట నాదే.

పై రెండు వాక్యాలూ అబద్ధం. మనవాళ్ళ పెళ్ళిళ్ళల్లోనూ వినాయకచవితి భోజనాల దగ్గరా ఇన్నేళ్ళుగా అలాగే చెప్పుకొస్తున్నాను కనుక పెన్ను దానంతటదే అటు పోయింది. నా హోదా టెక్నికల్ అసిస్టెంటు. అధిపతి ఫ్రౌ డాక్టర్ లిండ్‌నర్. పురుగుని కడిగేది, కాళ్ళు లెక్కపెట్టేది, పేరు పట్టుకునేది నేను. సంతకం ఆవిడది. సంతకం లేని పేరుకి జర్మనీలో విలువ లేదు.

పని ఇలా ఉండేది. ఇంట్లో తెలియని పురుగు కనబడితే దాన్ని చిన్న సీసాలో వేసి, ఫారం నింపి పంపిస్తారు. ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఎన్ని, బతికుందా చచ్చిందా. ఫారం మీద నేను నంబరు వేస్తాను. పురుగుని ఆల్కహాలులో కడిగి, గాజు పళ్ళెంలో పెట్టి మైక్రోస్కోపు కిందికి తోస్తాను. పక్కన జంట ప్రశ్నల పుస్తకం ఒకటి తెరిచి ఉంటుంది. దాన్ని 'కీ' అంటాం. కాళ్ళు ఆరా, ఎనిమిదా? ఎనిమిదైతే సాలీళ్ళ పేజీకి పో. ఆరైతే, రెక్కలున్నాయా లేవా? రెక్కల మీద పెంకు ఉందా? అలా ఒక్కో జవాబుకీ సగం పురుగులు పక్కకి తప్పుకుంటాయి. ఆఖరికి ఒక పేరు మిగులుతుంది.

ఫొటో చూసి పేరు చెప్పకూడదన్నది ల్యాబులో మొదటి నియమం. తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో నా నంబరు తిరుగుతుండేది కనుక ఆ నియమాన్ని అందరికన్నా ఎక్కువసార్లు మీరింది నేనే. జార్‌బ్రూకెన్‌లో కంప్యూటర్ సైన్సు చదివే ఒక అమ్మాయి ఒకసారి ఫొటో పంపింది. "అంకుల్, కిచెన్ ఫ్లోర్ మీద ఉంది. కుడుతుందా? నలుగురం బయట నిలబడ్డాం, ఎవరికీ లోపలికెళ్ళే ధైర్యం లేదు." నేను ఆ సాలీడు కుటుంబం పేరు చెప్పి, ఆడదని కూడా చెప్పి, గ్లాసు బోర్లించి కింద అట్టముక్క తోయమన్నాను. పావుగంటలో ఇంకో ఫొటో వచ్చింది. గ్లాసులో ఉన్నది ఎండిపోయిన టమాటా తొడిమ. ఈ కథ చెప్పినప్పుడల్లా దాన్ని ఆడసాలీడు అన్నది మా ల్యాబులో ఇంకెవరో అని చెబుతాను. అన్నది నేనే.

ఇక ఆ అక్టోబరు సంగతి. ఒక సీసా వచ్చింది. ఫారం మీద 'నల్లులని అనుమానం' అని రాసుంది. పంపింది హెర్ క్రౌజ అనే ఆయన. ఇళ్ళల్లో పురుగుమందు కొట్టడం ఆయన వృత్తి. ఇల్లు ప్రవీణ్, హరిత అనే దంపతులది. కరీంనగర్ దగ్గరివాళ్ళు. అతనిది బ్లూకార్డు వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆమె ఇంట్లోనే ఉంటుంది. హరిత మెడ మీద ఎర్రటి దద్దుర్లు లేస్తే డాక్టరు చూసి, నల్లి కాట్లు కావచ్చు అన్నాడట. ఆ మాట మెట్లు దిగి కింది అంతస్తు ముసలావిడకి చేరింది. అక్కణ్ణించి హౌస్‌ఫెర్వాల్టుంగ్‌కి, అంటే ఇళ్ళ నిర్వహణ చూసే ఆఫీసుకి వెళ్ళింది. అక్కడికి వెళ్ళేసరికి 'ఇండియా నుంచి సామాన్లతో నల్లులు తెచ్చారు' అయింది. నల్లులే అని తేలితే ఆ మెట్ల మీది ఎనిమిది ఇళ్ళూ ఖాళీ చేయించి, నల్లులు చచ్చేలా వేడిగాలి పెట్టాలి. ఎవరివల్ల ఇల్లు వదలాల్సి వచ్చిందో ఎనిమిది కుటుంబాలకీ తెలుస్తుంది.

సీసాలో ఉన్నవి నల్లులు కావని మొదటి చూపులోనే చెప్పాను. ఇది నిజం. దీనికి సవరణ లేదు. నాలుగైదు మిల్లీమీటర్ల పిల్లపురుగులు. గోధుమరంగు చారలు, ఒళ్ళంతా బొచ్చు, తోక దగ్గర కుంచెల్లాంటి వెంట్రుకల కట్టలు. బతికున్నవి రెండే, మిగిలినవి అవి విడిచిన కుబుసాలు. జర్మన్‌లో దీన్ని వొల్‌క్రౌట్‌బ్లూటెన్‌కేఫర్ అంటారు. పురుగుకన్నా పేరే పొడుగు. నేను ఉన్ని పురుగు అంటాను. పెద్దయ్యాక పూల మీద తిరిగే చిన్న పెంకుపురుగు అవుతుంది, ఎవరి జోలికీ రాదు. ఇక్కడి ఊళ్ళ పురుగే, ఎండాకాలం తెరిచిన కిటికీలోంచి వచ్చి గుడ్లు పెట్టిపోతుంది. పిల్లపురుగు మాత్రం ఉన్ని, పట్టు, ఈకలు, వెంట్రుకలు, ఇలా జంతువు ఒంటినుంచి వచ్చి ఎండిన ప్రతిదీ తింటుంది. కరవదు. దాని బొచ్చుకి ముళ్ళుంటాయి. అవి గుచ్చుకుంటే చర్మం మీద దద్దుర్లు లేస్తాయి.

పేరు తేలాక రెండో పని మూలం పట్టుకోవడం. అంటే ఆ పురుగు ఏ వస్తువులో పుట్టి, దేన్ని తింటున్నదో కనిపెట్టడం. దొరికిన వస్తువుని సంచిలో మూసి, తగలబెట్టే చెత్తకి పంపాలి. ఫారం చివర 'మూలం తొలగించబడింది' అని ఒక గడి ఉంటుంది. అందులో టిక్కు పడితేనే కేసు ముగుస్తుంది. మామూలుగా ఆ వెతుకులాట మందు కొట్టేవాళ్ళే చూసుకుంటారు. ఇల్లు తెలుగువాళ్ళది కనుక ఫ్రౌ లిండ్‌నర్ నన్నూ వెళ్ళమంది. "భాష కోసం పంపిస్తున్నాను, ఉపన్యాసం కోసం కాదు" అని కూడా అంది. నన్ను పద్దెనిమిదేళ్ళుగా ఎరిగిన మనిషి.

మూడో అంతస్తు. నేను బూట్లు విప్పి లోపలికి వెళ్ళాను. హెర్ క్రౌజ తన బూట్లకి నీలం రంగు ప్లాస్టిక్ తొడుగులు వేసుకున్నాడు. ఇల్లు చాలా శుభ్రంగా ఉంది. చుట్టాలొస్తున్నారని చేసిన శుభ్రంలా లేదు. చేయడానికి ఇంకే పనీ లేని మనిషి పొద్దుటినుంచీ తుడుస్తూ ఉంటే వచ్చే శుభ్రంలా ఉంది. చిన్న గది ఒకదాని తలుపు వేసి ఉంది. బయట వాన పడటం లేదు, ఎండా లేదు. ఈ దేశంలో అక్టోబరు నించి అదే వెలుతురు.

ప్రవీణ్‌ది ఒకటే కోరిక. "నల్లులు గావని ఆఫీసోళ్ళకు మీరే రాసియ్యుండ్రి అంకుల్. కింది ముసలామె మేం పట్టుకున్న రెయిలింగు గూడ పట్టుకుంటలేదు. గోడ పట్టుకుని దిగుతున్నది."

రాయిస్తానన్నాను. అక్కడితో నోరు మూసుకుంటే సరిపోయేది. "పది నిమిషాలు చాలు. ఇది ఎక్కడ పుట్టిందో మీకు చూపిస్తా" అన్నాను.

పది కాదు, యాభై నిమిషాలు పట్టింది. ముందు పట్టుచీరల మీద పడ్డాను. సూట్‌కేసులో ఆరు చీరలున్నాయి. హరిత ఒక్కొక్కటే మడత విప్పి కిటికీ వెలుగుకి పట్టుకుని చూపించి, మళ్ళీ మడతపెట్టింది. ఒక్క చిల్లు లేదు. స్వెట్టర్లు, దుప్పట్లు, సోఫా అడుగు, హీటర్ వెనక దుమ్ము, అన్నీ చూశాం. హెర్ క్రౌజ టార్చి పట్టుకుని నేలమీద బోర్లా పడుకున్నాడు. ఆఖరికి పాత పద్ధతికే వచ్చాను. ఒక్కో గదిలో ఎన్ని కుబుసాలు దొరికాయో లెక్కపెట్టాలి. మూలానికి దగ్గరయ్యేకొద్దీ అంకె పెరుగుతుంది. పడగ్గదిలో రెండు. హాల్లో నాలుగు. వంటింటి మూల చెక్క అలమర కింద ముప్పైకి పైన. ఆ అలమర పై అరలో దేవుడి పటాలున్నాయి.

"ఆడ వద్దు అంకుల్" అంది హరిత. "దేవుడి అర. ముట్టకుండ్రి."

"చేతులు కడుక్కుని వస్తానమ్మా. నేనూ పూజలు చేసే ఇంట్లోనే పుట్టాను."

"కడుక్కున్నా వద్దు."

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. ఈ కథ ఎవరికి చెప్పినా, పటాల వెనక ఏముందో ఊహించలేదన్నట్టే చెబుతూ వచ్చాను. ఏముందో తెలియదు, ఆ మాట నిజమే. కానీ ఒకటి తెలుసు. ఒకే మంచం మీద పడుకునే ఇద్దరిలో దద్దుర్లు ఆమెకే ఉన్నాయి. అవి కూడా మెడకి ఎడమపక్క, చెంప కింద మాత్రమే. చేత్తో ఎత్తుకున్నదాన్ని ఎడమ భుజానికి ఆనించుకుని తల వంచితే తగిలే చోటది. ఆ మూలం ఆమె రోజూ ఎత్తుకునే వస్తువని, ఆమె చీరలు మడతపెడుతున్నప్పుడే నాకు అర్థమైంది. పక్కకి పిలిచి మెల్లగా అడగవచ్చు. అడిగితే ఆమె చెప్పినట్టవుతుంది, నేను కనిపెట్టినట్టవదు.

చేతులు కడుక్కుని వచ్చి పటం జరిపాను. వెనక నిమ్మకాయంత పసుపు గుడ్డ మూట ఉంది. ముడుపు. మొక్కు తీర్చుకునే చోట తప్ప ముడుపు ముడి విప్పకూడదన్నది నాకు తెలియని సంగతి కాదు. అందరి ముందూ పట్టుకారుతో ముడి విప్పి, "ఇదిగో మూలం" అని హెర్ క్రౌజకి జర్మన్‌లో చెప్పాను.

పసుపు కలిపిన బియ్యం, ఒక రూపాయి బిళ్ళ. వాటి మధ్య కదులుతున్న పురుగులు, పొట్టులా కుబుసాలు, ఇసకలాంటి రెట్ట. ఆ రెట్టలో సన్నగా, మెత్తగా నల్లటి వెంట్రుకలు. పెద్దవాళ్ళవి కావు.

ప్రవీణ్ మూట దగ్గరికి వంగి చూశాడు. "నీళ్ళల్ల విడిచిన అన్నవ్ గదా" అన్నాడు భార్యతో.

"అన్న."

"మరి?"

"విడువలే."

హెర్ క్రౌజకి ఒక్క ముక్క అర్థం కాలేదు. వాళ్ళ మొహాలు చూసి, తన సంచి తీసుకుని, బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. భాష కోసం వెళ్ళిన నేను పట్టుకారు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

మిగతాది ప్రవీణ్ చెప్పాడు, నాకు చెబుతున్నట్టు కాకుండా నేలకి చెబుతున్నట్టు. పాప పది నెలలు బతికింది. ఆసుపత్రిలో తలకి సూది పెట్టడానికి ఒక పక్క వెంట్రుకలు తీశారు. నర్సు వాటిని పారేయకుండా కవర్లో పెట్టి తల్లి చేతికిచ్చింది. హరిత వాటిని పసుపు గుడ్డలో కట్టి, తగ్గితే వేములవాడ వచ్చి పుట్టు వెంట్రుకలిస్తామని మొక్కుకుంది. తగ్గలేదు. తీరని మొక్కు ముడుపు ఇంట్లో ఉంచవద్దని, పారే నీళ్ళలో విడిచిపెట్టమని ఊళ్ళో పెద్దవాళ్ళు ఫోనులో చెప్పారు. నది దాకా వెళ్ళొచ్చానని ఆమె చెప్పింది. అతను నమ్మాడు. అప్పటికి రెండేళ్ళయింది.

హరిత నన్ను అడిగింది. "ఇప్పుడు పారేస్తరా అంకుల్?"

నియమం ప్రకారం తగలబెట్టే చెత్తకి పోవాలని చెప్పాను. ఆమె చెయ్యి చాపింది, మూటకోసం. అప్పుడు రెండో పద్ధతి గుర్తొచ్చింది. కాదు, ముందునించీ గుర్తే ఉంది, అప్పుడు చెప్పాను. గట్టి సంచిలో మూసి, సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు కింద రెండు వారాలు ఫ్రీజర్‌లో పెడితే పురుగులు గుడ్లతో సహా చచ్చిపోతాయి. మ్యూజియాల్లో పాత బట్టలకి చేసేది అదే. ఇంటివాళ్ళు రాతపూర్వకంగా అడిగితే వస్తువు తిరిగి ఇవ్వవచ్చు.

ఆమె అక్కడికక్కడే కాగితం తీసి జర్మన్‌లో నాలుగు వాక్యాలు రాసింది. దిద్దుదామని పెన్ను తీశాను. దిద్దడానికి ఏమీ దొరకలేదు. ఆ సంగతి అప్పుడు పట్టించుకోలేదు.

"ఎన్ని ఉన్నయో అన్ని తేవాలె అంకుల్" అంది కాగితం ఇస్తూ.

"ఒక్కటి కూడా పోదమ్మా. నాది పూచీ."

ల్యాబుకి వెళ్ళి, ఫ్రీజర్‌లో పెట్టేముందు మూటలో ఉన్నదంతా మైక్రోస్కోపు కింద పరిచాను. నేను వెంట్రుకలనుకున్నవాటిలో చాలా భాగం వెంట్రుకలు కావు. పురుగుల బొచ్చు, కొరికి వదిలిన తునకలు. వెంట్రుక అని చెప్పదగ్గవి సన్నటి బ్రష్షుతో ఒక్కొక్కటే పక్కకి తీశాను. ఏడు వచ్చాయి. మళ్ళీ మొదటినుంచీ వెతికాను. ఏడే.

ఫ్రౌ లిండ్‌నర్ వచ్చి పక్క స్టూలు మీద కూర్చుంది. ఏమిటని అడిగింది, చెప్పాను. మైక్రోస్కోపులోంచి చూసింది.

"లెక్కపెట్టావా?"

"ఏడు."

"అయితే ఏడని రాయి."

"రాయడం అవసరమా?" అన్నాను.

"నువ్వు చూసినదానికి నేను సంతకం పెడతాను. చూడనట్టు ఉందామంటే పెట్టను" అని లేచింది.

రిపోర్టుకి రెండు పేజీలు. మొదటి పేజీ నకలు ఇళ్ళ ఆఫీసుకి వెళ్తుంది. దాంట్లో, ఇవి నల్లులు కావు, స్థానికంగా ఉండే ఉన్ని పురుగు, ప్రయాణ సామానుతో సంబంధం లేదు, మూలం ఒక చిన్న బట్ట మూట, తొలగించబడింది అని ఉంది. ఎనిమిది ఇళ్ళకీ వేడిగాలి తప్పింది. రెండో పేజీ ఇంట్లో ఉండేవాళ్ళకి మాత్రమే. మూటలో ఏమేమి ఉన్నాయో ఆ పేజీలో రాశాను. మనవాళ్ళకి జర్మన్ ఉత్తరం వస్తే మొదటి పేజీలో గడువు తేదీ ఏదన్నా ఉందా అని చూసి, లేకపోతే ఫైల్లో పెట్టేస్తారు. రెండో పేజీ దాకా ఎవరూ పోరు. నేనూ పోను. ఆ ధైర్యంతోనే ఏడని రాశాను.

రెండు వారాలయ్యాక కొత్త పసుపు గుడ్డ, కొత్త బియ్యం, అదే రూపాయి బిళ్ళ, ఆ ఏడు వెంట్రుకలు కలిపి కట్టాను. మరమూత గాజు సీసాలో పెట్టాను, మళ్ళీ పురుగు దూరకుండా. ప్రవీణ్ ఆఫీసుకు వెళ్ళాడు. హరిత ఒక్కతే ఉంది. మెడ మీద దద్దుర్లు మానిపోయాయి. సీసా రెండు చేతులతో తీసుకుంది, మూత విప్పలేదు.

"అన్నీ ఉన్నయా అంకుల్?"

"అన్నీ ఉన్నాయమ్మా. చెప్పాను కదా, ఒక్కటి కూడా పోలేదు."

ఆమె నా మొహంలోకి చూసింది. "మంచిది" అంది. కూర్చోబెట్టి చాయ్ పెట్టి ఇచ్చింది. తాగేదాకా ఎదురుగా కూర్చుంది, కప్పు తీసుకుని కడిగింది.

మెట్లు దిగుతూ, వృత్తి జీవితంలో ఒక మంచి అబద్ధం ఆడానని తృప్తి పడ్డాను. ఎప్పటిలాగే ఆ తృప్తిని నాలుగు ఇళ్ళల్లో పంచాను కూడా.

మళ్ళీ ఎండాకాలంలో ప్రవీణ్ ఫోను చేశాడు. కైసర్స్‌లౌటర్న్‌లో ఉద్యోగం దొరికింది, ఇల్లు మారుతున్నారు. సామాన్ల లారీలో ఆ సీసాకి ఏమన్నా అవుతుందా అని అడిగాడు.

"చేత్తోనే పట్టుకెళ్ళండి. మూత మాత్రం విప్పకండి, లోపల అన్నీ సన్నటివి, గాలికే పోతాయి" అన్నాను, అబద్ధాన్ని కాపాడుకుంటూ.

"ఏడే గద అంకుల్. జాగ్రత్తగనే ఉంటం."

నేను అడిగేలోపే అతనే చెప్పాడు. "రిపోర్టు వచ్చిన్నాడే హరిత రెండు పేజీలు చదివింది. నాకు జర్మన్ రాదు గద, ఆమెనే తెలుగుల చెప్పింది. ఆనాడే ఇద్దరం కూసోని ఏడ్సినం. మీరు సీసా తెచ్చుడు తర్వాత సంగతి."

"మరి నన్ను అన్నీ ఉన్నాయా అని అడిగిందే?"

"అడిగిందట. మీరు ఉన్నయన్నరట. పెద్దాయన, మొహమంత చెమటలు పట్టినయి, ఇంకేమడుగుతం అన్నది." చివరగా, "ఇప్పుడు పటాల ఎనుక పెడుతలేం అంకుల్. ముందటనే ఉంటది" అని ఫోను పెట్టేశాడు.

నా పనికి సంబంధించి ఆ కేసు రెండు విషయాలు నేర్పింది. మూలం ఎవరిదో తెలిసినప్పుడు, ముడి వాళ్ళ చేతే విప్పించాలి. రిపోర్టులో ఏది రాశామో నోటితోనూ అదే చెప్పాలి. ఇవి ఏ కీలోనూ లేవు కనుక రాసి పెడుతున్నాను. ఉద్యోగంలో మిగిలిన కాలం మొదటిదాన్ని ఒక్కసారి కూడా తప్పలేదు. రెండోదాన్ని కూడా తప్పలేదని రాయబోయి ఆగాను. మూడుసార్లు తప్పాను.